చేపల్లేని ఎండాకాలం

ఆ ఎండాకాలం మా ఇంట్లో చేపలు బందు చేయించింది నేనే. ఉప్పాడ నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడిన ఇంటికి కోడలిగా వెళ్ళి, రెండో ఏడే పొయ్యి మీదకు చేపల కూర ఎక్కకుండా చేసిన ఘనత నాదేనని మా ఆయన వంశీకృష్ణ ఇప్పటికీ నలుగురిలో ఆటపట్టిస్తుంటాడు. కానీ ఆ రెండు నెలల్లో నేనెంత భయపడ్డానో ఆయనకూ తెలుసు. అందుకే ఆ మాట అన్నాక ఒకసారి నా మొహం చూసి ఆపేస్తాడు.

నేను పనిచేసే ల్యాబు నాచారం పారిశ్రామికవాడలో, ఒక గోదాము మీద పై అంతస్తులో ఉంది. డీఎన్ఏ పరీక్షలు మా పని. మామూలుగా విత్తనాలూ మందులూ వస్తుంటాయి. ఆ ఏడు సముద్రం వచ్చింది. పుట్టి బుద్ధెరిగి సముద్రం మొహం చూడని నా చేతికి అది వారం వారం ఐసుపెట్టెలో వచ్చేది.

సంగతేమిటంటే, ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పధ్నాలుగు దాకా తూర్పు తీరంలో మరపడవలు వేటకు పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో కాకినాడ పక్కన ఆరు చోట్ల సముద్రపు నీళ్ళు వడపోసి, ఆ ఫిల్టర్లను మాకు రైల్లో పంపేవాళ్ళు. చేప తిరిగిన చోట దాని జిగురో, పొలుసు ముక్కో నీళ్ళలో మిగిలిపోతుంది. ఆ మిగిలినదాంట్లో దాని డీఎన్ఏ ఉంటుంది. వల వెయ్యకుండా, ఒక్క చేపనూ చంపకుండా, ఏ చోట ఏ చేపలు చేరుతున్నాయో దాన్ని బట్టి చెప్పొచ్చు. మేం చెప్పినదాన్ని చూసుకుని, నిషేధం అయిపోయాక కూడా ఏ మడ దగ్గర, అంటే ఉప్పునీళ్ళలో పెరిగే చెట్ల గుబురు దగ్గర, మరికొన్నాళ్ళు వలలు ఆపాలో అక్కడి మత్స్యశాఖ వాళ్ళు తేల్చుకుంటారు.

మొదటి రోజే మా సార్ విజయభాస్కర్ గారు అందరినీ పిలిచి తలా ఒక కాగితం ఇచ్చారు.

"సముద్రంలో చేప వదిలింది ఉందా లేదా అన్నంత ఉంటుంది. మీ గోటి కింద ఇరుక్కున్న పొలుసు దానికి వెయ్యి రెట్లు. ఈ రెండు నెలలూ చేప తినొద్దు, ముట్టుకోవద్దు, ఇంట్లోకి రానివ్వొద్దు. ఒప్పుకుంటేనే సంతకం పెట్టండి" అన్నారు.

మిగతావాళ్ళు చకచకా పెట్టేశారు. నేను పెన్ను పట్టుకుని మా అత్తమ్మను తలుచుకున్నాను. జూన్ నెలాఖరుకు నన్ను పర్మినెంట్ చేస్తామన్నారు. దేవుడి మీద భారం వేసి సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం అన్నపూర్ణమ్మ గారు, అంటే మా అత్తమ్మ, పొయ్యి దగ్గర ఉండగా మెల్లగా మాట కదిపాను.

"అత్తమ్మా, రెండు నెలలు ఇంట్ల చేప వద్దట."

ఆవిడ వెనక్కి తిరగలేదు. "ఎవరు చెప్పేరు? డాక్టరా?"

"కాదు, మా సార్."

"మీ సారుకి మా ఇంట్లో కూరతో ఏం పని?"

అప్పుడు మొత్తం చెప్పాను. పొయ్యి తగ్గించి, చెయ్యి తుడుచుకుంటూ విన్నది. "అక్కడేమో మా తమ్ముడు త్రిమూర్తులు పడవ ఒడ్డుకి లాక్కుని కూర్చున్నాడు. ఇక్కడ నువ్వు నా గిన్నె బోర్లించమంటున్నావు. మొత్తానికి సర్కారు మా ఇంటిని వదల్లేదు" అన్నది.

"జర అర్థం చేస్కోండి అత్తమ్మా. నౌకరీ ముచ్చట."

"అర్థం కాకేం. రెండు నెలలు చేప మన గుమ్మం తొక్కదు. మాటిస్తున్నాను, పో."

పెళ్ళయిన రెండేళ్ళలో ఆవిడ నాకు ఇచ్చిన మొదటి మాట అది. అప్పటిదాకా మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు అద్దెవాళ్ళలా మర్యాదగా ఉండేవాళ్ళం. మర్నాడు చేపల గిన్నె తోమి, బోర్లించి, వంశీతో అటక మీద పెట్టించింది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ల్యాబులో కనిపించినవాళ్ళకల్లా చెప్పాను. మృగశిర కార్తె నాడు చేప తినాల్సిందేననే మా అమ్మ మల్లవ్వ మాత్రం ఫోన్లో, "మిర్గం నాడు గూడ తినవా బిడ్డా, గదేం కొలువు" అని నొచ్చుకుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ల్యాబు కోట్లు ఉతకడానికి ఒకాయన వచ్చేవాడు. ఆయన చేతిలో పడితే తెల్లకోటు వారానికే గంజినీళ్ళ రంగుకు వచ్చేది. నాకు నా కోటంటే పిచ్చి. అందుకని శనివారం నాది నేను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి, ఆదివారం పొద్దున ఉతికి మేడ మీద ఆరేసేదాన్ని. సాయంత్రం అత్తమ్మ దాన్ని తెచ్చి, అడక్కుండానే ఇస్త్రీ చేసి మడతపెట్టి నా మంచం మీద పెట్టేది. కోటు ఇంటికి తీసుకుపోవద్దని ఎవరూ కాగితం మీద రాయలేదు. రాయకపోయినా తెలిసుండాల్సింది నాకే.

పెట్టె వచ్చిన ప్రతిసారీ ఆరు చోట్ల ఫిల్టర్లతో పాటు ఏడోది కూడా ఉండేది. దాన్ని బ్లాంక్ అంటాం. సముద్రపు నీళ్ళకు బదులు అందులో ఉత్త మంచినీళ్ళు వడపోస్తారు. కాబట్టి దాంట్లో ఏ చేపా కనపడకూడదు. కనపడిందంటే అది సముద్రం నుంచి వచ్చింది కాదు, మా చేతుల్లోంచో, మా గదిలోంచో వచ్చిందన్నమాట.

ఒక్కో వారం పెట్టె ఫలితం తేలడానికి పదేసి రోజులు పట్టేది. మొదటి రెండు వారాలూ బ్లాంక్ శుభ్రంగా ఉంది. మూడో వారం దాంట్లో చేప వచ్చింది. సార్ ముక్కు మీది అద్దాలు తీసి తుడుచుకుని, "ఒకసారి చూద్దాం" అన్నారు. నాలుగో వారం మళ్ళీ శుభ్రం. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఐదో వారం ఇంకో రకం చేప వచ్చింది. ఆ ఫలితం వచ్చిన శనివారం సార్ అందరినీ నిలబెట్టి అడిగారు.

"ఎవరింట్లోనైనా చేప ఉందా? ఇప్పుడు చెప్తే ఏమీ అనను."

అందరికంటే ముందు నేనే మాట్లాడాను. "మా ఇంట్లో లేదు సార్. మా అత్తమ్మ గిన్నె కూడా అటకెక్కించింది" అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. తర్వాత వరసగా అందరూ లేదన్నారు. చివర్లో గుమ్మం బయట నిలబడ్డ ఉప్పలయ్య కాక గొంతు సవరించుకున్నాడు. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి పెట్టె తెచ్చి, విప్పి, ఫ్రీజర్లో సర్దేది ఆయనే. యాభై దాటినవాడు, జనగామ వైపు మనిషి.

"నేను తిన్న సార్. మొన్న ఆదివారం కీసరల మా చెల్లె ఇంటికాడ. కొర్రమీను కూర."

"తినొద్దని తెలియదా?"

"నన్ను సంతకం బెట్టుమని ఎవ్వలు అడుగలే సార్."

అది నిజమే. ల్యాబు గదిలోకి రాని మనిషని ఆయనకు కాగితం ఇవ్వలేదు. పైగా బ్లాంక్‌లో వచ్చింది కొర్రమీను కాదు. కానీ సార్ అప్పటికే రెండు రోజులుగా నిద్ర లేక ఉన్నారు. "ఇంకెక్కడ ఏం తిన్నావో నీకే గుర్తుండదు. సోమవారం నుంచి నువ్వు రావద్దు, వేరే మనిషిని చూసుకుంటాం" అన్నారు. ఉప్పలయ్య కాక టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

తర్వాత సార్ మాతో చెప్పింది ఇది. ప్రతి చోటా, బ్లాంక్‌కు కూడా, రెండేసి ఫిల్టర్లు పట్టారు. ఒకటి మేం వాడినది, ఇంకొకటి సీలు తియ్యకుండా ఫ్రీజర్లో ఉంది. కానీ చేప ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా ఆ రెండోదాన్ని విప్పితే అదీ పాడవుతుంది. తెలియకపోతే మంచి వారాల్ని కూడా ఎవరూ నమ్మరు. "ఈ వారంలో ఇది తేలకపోతే, మేం చేసిందంతా పనికిరాదని నేనే రాసి పంపాలి" అన్నారు. ఆ మాట ఆయన నేల చూస్తూ అన్నారు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే కోటు ఉతికి ఆరేశాను గానీ మనసు ఒక చోట నిలవలేదు. కళ్ళు మూసుకుంటే మెట్లు దిగుతున్న ఉప్పలయ్య కాకే కనపడుతున్నాడు. పదకొండు గంటలప్పుడు కోటు ఆరి ఉంటుంది, నేనే తెచ్చుకుందామని మేడ ఎక్కాను.

అత్తమ్మ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంది. చేతిలో కాకుల్ని తోలే కర్ర. ముందు పాత చాప. చాప నిండా వేలెడేసి చేపలు, వెండి రంగువి, ఎండకు తళతళలాడుతున్నాయి. వాటికి సరిగ్గా పైన తీగ మీద నా తెల్లకోటు. గాలికి దాని అంచు చాపను రాసుకుంటూ ఊగుతోంది. కోటు నీడ తన మొహం మీద పడేలా చక్కగా స్టూలు జరుపుకుని మరీ కూర్చుంది.

"అత్తమ్మా, ఇవేంది?"

"నెత్తళ్ళు. త్రిమూర్తులు పంపించేడు. అప్పుడప్పుడు ఎండకి పెట్టకపోతే పురుగు పట్టేస్తాయి."

"చేప ఇంట్లకు రాదని మాటిచ్చిన్రు గద" అన్నాను.

"ఇచ్చేను. తెచ్చేనా ఒక్క చేపైనా?"

"మరి గివేంది?"

"ఎండువి కదే" అని ఆవిడ నన్ను జాలిగా చూసింది. "చేపంటే తడిగా ఉంటుంది. ఇది ఎండుచేప. మా ఊళ్ళో వేట నిషేధం వచ్చిందంటే ఊరంతా తినేది ఇవే. నిషేధం చేపకి గాని, ఎండుచేపకి ఎవరు పెట్టేరు?"

అబద్ధమాడుతున్న మొహం కాదది. ఇన్నాళ్ళూ నిష్ఠగా మాట నిలబెట్టుకున్న మనిషి మొహం. నేను ఆ మేడ మీదే కూలబడ్డాను. నా గొంతు విని వంశీ పైకి వచ్చాడు. చాపనూ నన్నూ మార్చి మార్చి చూసి, "ఎండువి కదా గౌతమీ, నేనూ లెక్కలోకి రావనే అనుకున్నాను" అన్నాడు. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో మధ్యాహ్నం వంకాయలో వేసిన నెత్తళ్ళు తింటున్నాడట. "నీకు వాసన రాలేదా?" అని తిరిగి నన్నే అడిగాడు.

ఎక్కడ వస్తుంది. కరోనా వచ్చిపోయినప్పటి నుంచి నా ముక్కుకు ఘాటైనవి తప్ప ఏవీ సరిగ్గా తెలియవు. కింది వాటాలో ఉండే అచ్యుతరావు గారింటికి కూడా తెలిసిన సంగతి, మా బిల్డింగులో ఎనిమిది ఇళ్ళలో నాకొక్కదానికే తెలియలేదు.

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందో తెలియలేదు. "రేపటి సంది ఒక మనిషికి పని లేదు. మా ఇంట్ల చేప లేదని నేను గట్టిగ జెప్పినందుకు" అన్నాను.

"నీకు తెలియక చెప్పేవు" అన్నది అత్తమ్మ.

"ఇప్పుడు తెల్సింది గద."

వంశీ నా పక్కన కూర్చున్నాడు. మంచివాడే, కానీ గొడవంటే భయం. "ఈ రోజుతో ఇవి కూడా ఆపేద్దాం. కోటు అక్కడే పెట్టుకో. వచ్చే వారం నుంచి బ్లాంక్ దానంతటదే బాగుంటుంది. ఆ ఉప్పలయ్యకి మనమే ఎక్కడైనా పని చూద్దాం. ఇప్పుడు చెప్తే నీ పర్మినెంటూ పోతుంది, ఉన్నదీ పోతుంది" అన్నాడు.

వంశీ మాటకు సరేననాలనిపించింది. దాచడం దేనికి, చాలా బలంగా అనిపించింది. అత్తమ్మ మాత్రం కర్ర పక్కన పెట్టి, "పాడైన వారాలవి మళ్ళీ నీళ్ళు పట్టుకోకూడదా?" అని అడిగింది.

"నెల కిందటి సముద్రాన్ని ఇప్పుడెట్ల పడతం అత్తమ్మా."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి తలూపింది. "నిజమే. ఇప్పుడైతే పిల్లచేప మడల కాడ ఉంటుంది. గాలి తిరిగేక లోతుకి పోతుంది. అప్పుడు పడితే ఏముంటుంది, ఉప్పు" అన్నది. నేను నెలన్నరగా చదివి తెలుసుకున్నది ఆవిడ స్టూలు మీద నుంచి లేవకుండా చెప్పేసింది. తర్వాత వంశీ వైపు తిరిగి, "నోరు మూసుకుని దిగు. తప్పు చేసింది నేను. రేపు నేనూ వెళ్తాను" అన్నది.

"మీరెందుకు? నేను చెప్త" అన్నాను.

"ఏం చెప్తావు? ఏ ఆదివారం ఏవి ఎండకి పెట్టేనో నీకు తెలుసా?"

సోమవారం పొద్దున ఇద్దరం షేర్ ఆటోలో ఉప్పల్ నుంచి నాచారం వెళ్ళాం. అత్తమ్మ తలంటుకుని, గంజిపెట్టిన నేతచీర కట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. ల్యాబు మెట్లెక్కి గుమ్మం దగ్గర ఆగిపోయింది. "నేను లోపలికి రానమ్మా. నా ఒళ్ళంతా అదే. మీ సార్నే పిలు" అన్నది.

సార్ బయటకు వచ్చారు. మెట్ల దగ్గరే నిలబడి, కోటు సంగతీ మేడ సంగతీ నేను మొత్తం చెప్పేశాను. సార్ మొహం ఎర్రబడింది. "నువ్వా గౌతమీ" అన్నారు, అంతే. ఆ రెండు మాటలకు నేను తల ఎత్తలేకపోయాను.

"దాన్ని అనకండి బాబూ. దానికి తెలియదు" అన్నది అత్తమ్మ. "ఏ వారం ఏవో నేను చెప్తాను. మీ కాగితంతో సరిపోతుందో లేదో చూసుకోండి."

సార్ నమ్మకం లేకుండానే లోపలికి వెళ్ళి కాగితం తెచ్చారు. అందులో ఉన్నవి నోరు తిరగని శాస్త్రీయ నామాలు. పక్కన పెన్సిలుతో తెలుగు పేర్లు రాసింది నేనే. ఆవిడకు కనపడకుండా గుండెలకు ఆనించి పట్టుకుని, "మీకు గుర్తుండే చెప్తున్నారా అమ్మా?" అని అడిగారు.

"నలభై ఏళ్ళుగా వండుతున్నానండి. ఏ రోజు ఏం కూరో నాకు కాకపోతే ఎవరికి గుర్తుంటుంది. మొదటి ఆదివారం ఏమీ లేదు. చేప మానేసిన బెంగలో ఉన్నాను. రెండో ఆదివారం రొయ్యపప్పు ఎండబెట్టి మర్నాడు బీరకాయలో వేశాను."

సార్ కాగితం చూసి తల అడ్డంగా ఊపారు. "రెండో వారం శుభ్రంగా ఉందే" అని, వెంటనే ఆగిపోయారు. "అవును, రొయ్య చేప కాదు. మా పరీక్షకు చేపలే చిక్కుతాయి. తర్వాత?"

"మూడో ఆదివారం కానాగంతలు. నాలుగో ఆదివారం పొద్దున్నే వానొచ్చింది, పైకెక్కలేదు. ఐదోది నెత్తళ్ళు."

సార్ కాగితాన్ని ఇప్పుడు గుండెల నుంచి తీసి చేతిలో పట్టుకున్నారు. మూడో వారం కానాగంత. నాలుగు శుభ్రం. ఐదు నెత్తళ్ళు. ఆయన ఇంకొకసారి పై నుంచి కిందికి వేలు పెట్టి చూసుకున్నారు.

"ఆరో ఆదివారం?"

"కవళ్ళు. కొంచెమే. మర్నాడు పులుసు పెట్టేను. నిన్న ఏడోది, మళ్ళీ నెత్తళ్ళు."

ఆరో వారం ఫలితం ఇంకా రాలేదు. బుధవారం వస్తుంది. సార్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత, "బుధవారం దాకా చూద్దాం. కవళ్ళు వస్తే మీరు చెప్పినదంతా నిజమన్నట్టు. అప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలినట్టే" అన్నారు. నా కోటు సంచి అక్కడే తీసేసుకుని, ఆ రోజు నన్ను గదిలోకి రానివ్వలేదు.

ఆ రెండు రోజులూ మా ఇంట్లో పప్పూ పచ్చడీ. ఎండుచేపలూ డబ్బాలూ అన్నీ అత్తమ్మ కిందింటి అచ్యుతరావు గారికి ఇచ్చేసింది. ఆయన మొహమాటం లేకుండా తీసుకున్నారు. మంగళవారం సాయంత్రం ఆవిడ నా గదిలోకి వచ్చి, "కవళ్ళేనంటావా? ఆ రోజు తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు, మాటల్లో ఏవి తీశానో" అని అడిగింది. ఆవిడకూ నిద్ర పట్టడం లేదని అప్పుడు తెలిసింది. "కవళ్ళే అయ్యుంటయి అత్తమ్మా" అన్నాను. ఇద్దరం మంచం అంచున అలాగే కూర్చున్నాం.

బ్లాంక్‌లో చేప రావాలని నేను మొక్కుకోవడం అదే మొదటిసారి. మళ్ళీ మొక్కుకోను కూడా.

బుధవారం పదకొండున్నరకు సార్ తన గదిలోంచి పిలిచారు. కంప్యూటర్ నా వైపు తిప్పారు. బ్లాంక్ గడిలో ఒకే ఒక్క పేరు ఉంది. అప్పటిదాకా ఆ గడిలో ఎప్పుడూ రాని పేరు. నేను చదవబోతుంటే ఆయనే పెన్సిలు తీసుకుని కాగితం మీద తెలుగులో రాశారు, కవళ్ళు అని. రాసి, కుర్చీలో వెనక్కి వాలి, ఎన్నాళ్ళకో నవ్వారు.

"మూడు వారాలవే పాడయ్యాయి. మిగతావి నిక్షేపంగా ఉన్నాయి. కొత్త కోటు వేసుకో, ఫ్రీజర్లో ఉన్న మూడు వారాలవీ విప్పుదాం" అన్నారు. "కోటు ఇంటికి తీసుకెళ్ళినందుకు నీకు లెటర్ ఇస్తాను. పర్మినెంట్ ఆరు నెలలు ఆగుతుంది. అది తప్పదు."

"సరే సార్" అన్నాను. ఒట్టు, అది నాకు శిక్షలా అనిపించనే లేదు. "ఉప్పలయ్య కాక?"

"ఫోన్ చేశాను. రేపొస్తాడు." పెన్సిలు పక్కన పెడుతూ, "నేను తొందరపడ్డాను" అన్నారు.

మెట్ల మీదకు వచ్చి ఇంటికి ఫోన్ చేశాను. "కవళ్ళే అత్తమ్మా" అన్నాను. అవతల ముక్కు చీదిన చప్పుడు. "మరి నేను చెప్పలేదూ" అన్నది ఆవిడ. ఆ వెంటనే, "తిన్నావా?" అని అడిగింది. అలా అడగడం కూడా అదే మొదలు.

సీలు విప్పిన ఆ ఫిల్టర్లన్నీ పరీక్ష చెయ్యడానికి తొమ్మిది రోజులు పట్టింది. మూడు బ్లాంకులూ కడిగిన అద్దంలా వచ్చాయి. నాలుగో చోట, మడల మధ్య నుంచి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఐదో వారం నీళ్ళలో చేపలు మేం అనుకున్నదానికి ఎన్నో రెట్లు ఉన్నాయి. రిపోర్టు నిషేధం ముగిసేలోపే వెళ్ళింది. ఆ మొగ దగ్గర ఇంకో నెల వలలు వెయ్యొద్దని ఊళ్ళో దండోరా వేయించారని త్రిమూర్తులు మామయ్య ఫోన్ చేసి చెప్పాడు. తన చిన్న పడవకు అది మేలో కీడో ఇంకా తేల్చుకోలేదు గానీ, పెద్ద బోట్లు కూడా రావట్లేదన్నందుకు మాత్రం గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు.

ఉప్పలయ్య కాకతో మాట్లాడటమే మిగిలింది. వచ్చిన రోజు నుంచీ ఆయన మామూలుగానే ఉన్నాడు. ఎందుకు పొమ్మన్నారో, ఎందుకు రమ్మన్నారో ఎవరినీ అడగలేదు. ఫలితాలు వచ్చిన రోజు ఆయన మెట్ల మీద చాయ్ తాగుతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"కాకా, తప్పు నాది. ఆ చేప నా కోటుకెళ్ళి వచ్చింది. మా ఇంట్ల ఎండుచేపలు పెడుతున్నరని నాకు తెల్వదు. నా మూలంగ నీ పని పోవుడు అయింది."

"నాకెర్కే బిడ్డా" అన్నాడు చాయ్ ఊదుకుంటూ.

"ఏమెర్క?"

"నీ కోటు సంగతి. సోమారం సోమారం నువ్వు మెట్లెక్కుతాంటె ఎండుసేప వాసన గుప్పుమంటుండె."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "మరి సార్ అడిగిన నాడు ఎందుకు జెప్పలే? నిన్నే పొమ్మన్నడు గద."

ఆయన గ్లాసు కింద పెట్టి, ఎటో చూస్తూ, సిగ్గుపడుతున్నట్టు అన్నాడు. "ఆడపిల్లవు. నీ బట్టలు వాసనొస్తున్నయని గంతమందిల నేనెట్ల జెప్తా? కొలువుదేముంది, గిది గాకపోతె ఇంకోటి."

అంతదాకా దాచుకున్న ఏడుపంతా ఆ మెట్ల మీదే వచ్చేసింది. ఆయన కంగారుపడి, "ఏంది బిడ్డా, ఇప్పుడంత మంచిగయె గద" అంటూ తన చాయ్ గ్లాసే నా ముందుకు జరిపాడు.

ఆ మర్నాటి నుంచి లోపలికి వెళ్ళేముందు ఆయన దగ్గర ఆగడం అలవాటు చేసుకున్నాను. చున్నీ కొంగూ, సంచీ ముందుకు పెట్టి, "జూడు కాకా" అంటాను. మొదట్లో మొహం పక్కకు తిప్పుకునేవాడు. "నాకు తెల్వది కాకా, నువ్వే జెప్పాలె" అని నిలబడ్డాను. ఇప్పుడు అద్దాలు పెట్టుకుని మరీ దగ్గరికొచ్చి, పెద్దమనిషి తరహాలో ఒకసారి వాసన చూసి, "ఏం లేదు బిడ్డా, పో" అంటాడు. ఆయన ఆ మాట అన్నాకే తలుపు తీస్తాను.